మూడో బెంచీలో ఇన్నాసమ్మ చోటు

పల్లవి రోజూ పొద్దున ఆరున్నరకి గుడి పక్కతలుపు తీసి, జ్వరం చూసే గన్ను పట్టుకుని బెంచీల వేడి చూసేది. చిక్కపేట మెట్రోకి పది నిమిషాల నడకలో ఉన్న చిన్న క్రైస్తవ గుడి అది. ఆదివారం ఎనిమిదింటికి తెలుగులో పూజ ఉంటుంది. బెంచీలు పాత టేకువి. ఎవరైనా ఏడాదిపాటు ఒకే చోట కూర్చుంటే, ఆ చెక్క వాళ్ళ ఒంటివేడిని ఉంచుకునేది. మనిషి ఎక్కడున్నా సరే, జ్వరమొస్తే ఆ చోటూ కాలేది, ప్రాణం పోతే చల్లబడేది. ముత్తాతల కాలం నుంచీ అంతే. కాలిన చోటు కనబడితే ఆ ఇంటికి ఎవరో ఒకరు మిరియాల రసం పంపేవాళ్ళు.

కరోనా వచ్చి గుడి మూసేశాక, ఈ బెంచీలతో పని చేయించాలన్న ఆలోచన పల్లవిదే. బీకాం చివరి ఏడాది చదువుతున్న పిల్ల, అంకెలంటే ప్రాణం. నూట ముప్పై ఒక్క చోట్లకి నంబర్లిచ్చి, పట్టిక చేసి, ఏడింటికల్లా ఆశా కార్యకర్త జరీనా ఫోన్‌కి పంపేది. జరీనా వేడెక్కిన చోట్లవాళ్ళ ఇళ్ళకి నేరుగా వెళ్ళేది.

"మా ఆఫీసు లిస్టులో సగం మంది ఊర్లోనే లేరు. మీ బెంచీలే నయం," అనేది.

ఎనిమిది నెలలు దాటాక పూజకి అనుమతి వచ్చింది. బెంచీకి ఇద్దరే, ఆ కొసన ఒకరు, ఈ కొసన ఒకరు. తీర్థపు తొట్టి ఎండబెట్టి, పక్కన శానిటైజర్ సీసా పెట్టారు. పూజ మధ్యలో ఒకరికొకరు సమాధానం, అంటే శాంతి, చెప్పుకోవాలంటే దూరం నుంచే దండం. సత్‌ప్రసాదం చేతిలోకే, నాలుక మీద కాదు. ఆ ఏర్పాట్లన్నీ పల్లవివే. బైబిల్లోంచి మొదటి పఠనం చదవాల్సిందీ పల్లవే.

ఆ ఆదివారం పొద్దున తన చోటు నూటొకటి చూపించింది. కొంచెం ఒళ్ళునొప్పులు తప్ప ఏమీ లేదు. గన్ను తుడిచి మళ్ళీ చూసింది. నూటొకటే. ఎనిమిది నెలలు ఎదురుచూసిన పూజ, ఒక్క గంట. పట్టికలో తొంభై ఎనిమిది అని రాసి పంపేసింది. గుమ్మం దగ్గర అందరి నుదుళ్ళకీ గన్ను పెట్టింది తనే కాబట్టి, తనని ఆపేవాళ్ళు లేరు.

మూడో బెంచీలో ఈ కొసన పల్లవి చోటు, ఆ కొసన కూర్చునేది ఇన్నాసమ్మ. డెబ్భై నాలుగేళ్ళు, ఒంటరి మనిషి, ఒక చెవి వినబడదు. ప్రసంగం మొదలవగానే చెయ్యి ఊపింది.

"ఏమంటా ఉండాడే ఫాదరు? ఇట్లా రా."

"దూరం ఉండాలవ్వా."

"దూరం ఉంటే నా చెవుడు పోతుందా? ఆ గుడ్డ తీసి చెప్పు, ఒక్క ముక్కా తెలీలేదు."

పల్లవి జరిగింది. మాస్కు కిందికి లాగి, పన్నెండు నిమిషాల ప్రసంగం ఆమె చెవిలో చెప్పింది.

గురువారం ఇన్నాసమ్మ చోటు నూట రెండు. శుక్రవారం తొంభై ఐదు.

"జ్వరం దిగింది కదా," అంది జరీనా ఫోన్లో.

"దిగితే తొంభై ఎనిమిది దగ్గర ఆగాలక్కా. ఇంకా దిగుతోంది. టెస్టు చేయించండి."

"కిట్లు లేవమ్మా. జబ్బుమనిషి పక్కన ఉన్నవాళ్ళకే ముందు. ఆమె పక్కన కూర్చుంది నువ్వు, నీకేమో తొంభై ఎనిమిది."

పల్లవి ఫోన్ పెట్టేసి పాపసంకీర్తనానికి, ఫాదర్ దగ్గర తన తప్పు ఒప్పుకోడానికి, వెళ్ళింది. అంటువ్యాధి కదా, అది కూడా ఆరుబయటే. రెండు కుర్చీలు, మధ్యలో తాడు మీద దుప్పటి. ఆరడుగుల దూరం నుంచి గొంతు పెంచి చెప్పుకోవాల్సి వచ్చింది. అంతా చెప్పి, "మీరు జరీనాకి చెప్పేయండి ఫాదర్," అంది. అలా లెక్కవేసుకునే వచ్చింది. ఒక్కరికి చెబితే మిగతాది ఆయన చూసుకుంటారని.

దుప్పటి అవతలి నుంచి ఫాదర్ చిన్నప్ప కూడా గొంతు పెంచే చెప్పారు.

"నేనెట్లా చెప్పేదమ్మా? ఇక్కడ విన్నది ఇక్కడే ఉండిపోవాలి."

"మీకు తెలిసిపోయింది కదా!"

"తెలిసింది. అయినా రేపు ఆ బెంచీ వైపు వేరేగా చూడను కూడా చూడకూడదు నేను. చెప్పగలిగింది నువ్వొక్కదానివే."

"చెబితే గుడి మూసేస్తారు. క్రిస్మస్‌కి పది రోజులే ఉంది."

"మూస్తారు," అన్నారాయన.

కుర్చీలోంచి లేవకుండానే జరీనాకి ఫోన్ చేసింది. జరీనా తిట్టలేదు. "నీ అంకెలు నమ్మి ఎన్ని గడపలు వదిలేశానో," అని మాత్రం అంది. గంటలో అంబులెన్సు వచ్చింది. ఇన్నాసమ్మకీ పల్లవికీ ఇద్దరికీ పాజిటివ్. గుడికి తాళం పడింది. అంబులెన్సు ఎక్కింది ముసలమ్మ కాబట్టి, ఆమే పల్లవికి అంటించిందని, ఆమె వల్లే క్రిస్మస్ పోయిందని వీధంతా అనుకుంది.

పల్లవివాళ్ళది ఒక్క గది ఇల్లు, అమ్మకి షుగరు. ఎవరూ రాని చోటు గుడే కనుక ఫాదర్ ఆమెని గుడిలోనే ఉండమన్నారు. అన్నం గిన్నె గుమ్మం దగ్గర పెట్టి వెళ్ళేవాళ్ళు.

మొదటిరోజు ఇన్నాసమ్మ చోటు తొంభై ఒకటి. మర్నాడు ఎనభై తొమ్మిది. పల్లవి గన్ను పక్కన పడేసి, తన జ్వరపు ఒంటితో ఆ చోట కూర్చుంది. లేస్తే చెక్క చల్లబడేది. అందుకని లేవడం మానేసింది. అక్కడే తింది, అక్కడే ముడుచుకుని పడుకుంది. తొమ్మిదో రోజున గంటసేపు లేచి తిరిగొచ్చినా తొంభై ఏడు ఉంది. ఈ కొసనున్న తన చోటు మాత్రం మామూలు చెక్కయిపోయింది. ఎన్నిసార్లు చూసినా గోడకున్న వేడే దానికీ. అది ఎవరికీ చెప్పలేదు.

గుడి మళ్ళీ తెరిచాక, జనవరి రెండో ఆదివారం ఇన్నాసమ్మ పూజకి వచ్చింది. సగం మనిషయింది. చుట్టుపక్కలవాళ్ళు మొహాలు తిప్పుకున్నారు. ఆమె మాత్రం పల్లవిని చూసి నవ్వింది.

"ఆస్పత్రిలో మా ఆయన వచ్చి కూచున్నాడే! పోయి పదకొండేళ్ళాయ. బతికుండగా ఒక్కపూట నా పక్కన కూచునిందిలేదు. ఇప్పుడు రాత్రీపగలూ నన్ను ఆనుకునే ఉన్నాడు. ఎంత వెచ్చగా ఉన్నిందనుకున్నావ్!"

ఆ వెచ్చదనం ఎవరిదో చెప్పే మాట పల్లవి నోటిదాకా వచ్చింది. దాన్ని మింగేసింది. ఇంకో మాట ఉంది చెప్పాల్సింది. మాస్కు తీయలేదు, దగ్గరికి జరగలేదు. ఆరడుగుల అవతల నిలబడి, చెవిటి మనిషికి వినబడేలా, గుడంతా వినేలా చెప్పింది.

"అవ్వా, నీకు జబ్బు అంటించింది నేను. నాకు జ్వరమని తెలిసే వచ్చాను. పట్టికలో అబద్ధం రాశాను."

తిప్పుకున్న మొహాలన్నీ ఇటు తిరిగాయి. ఇన్నాసమ్మ నవ్వు మెల్లగా ఆగిపోయింది.

"తెలిసేనా?"

"తెలిసే."

"ఆయన గానీ రాకుంటే నేను చచ్చుండేదాన్ని కదే, పాపిష్టిదానా!"

"అవునవ్వా," అంది పల్లవి.