మరిదిగారి మరకల లాండ్రీ

మా ఆయన పోయాక గిరాకీ పడిపోతే ముందు నా చేతినే అనుమానించాను. మడత సరిగ్గా రాలేదా, గంజి ఎక్కువైందా అని ఉతికినవాటిని మళ్లీ విప్పి చూసుకునేదాన్ని. పాత ఖాతాదార్లు ఒక్కొక్కరే మాయమయ్యారు. వీధికి అటువైపు మా మరిది కొత్తగా పెట్టిన లాండ్రీ కిటకిటలాడుతుంటే, నేను ఇటువైపు ఈగలు తోలుకుంటూ కూర్చున్నాను. నాకూ మా అమ్మాయికీ ఈ షాపు తప్ప వేరే ఆధారం లేదు. ఇంకొన్నాళ్లు ఇలాగే సాగితే షట్టరు దించేయడమే అనుకున్నాను.

అలాంటి రోజుల్లో ఓ పొద్దున లాయరుగారు కోటు చేతిమీద వేసుకుని మరిది షాపుకి పోతూ, నా గుమ్మంలో నన్ను చూసి దయ్యాన్ని చూసినట్టు ఆగిపోయారు. నేను షాపు ఎత్తేశానని విన్నారట. ఎవరు చెప్పారయ్యా అంటే ఫోన్ చూపించారు. ఈమధ్య ఆయన ఏది కావాలన్నా చాట్‌బాట్‌నే అడుగుతారట. అది అప్పటికప్పుడు ఇంటర్నెట్ అంతా గాలించి చెబుతుందట.

ఆయన అటు వెళ్లగానే మా అమ్మాయి ఫోన్ లాక్కుని నేనూ అడిగాను. పక్కన ఇస్త్రీపెట్టె కాలుతోంది, చేతిలో ఎవరిదో చొక్కా ఉంది, నా షాపు ఉందా లేదా అని అడిగాను. శాశ్వతంగా మూసేశారంది. దగ్గర్లో మరో మంచి లాండ్రీ ఉందంటూ మా మరిది చిరునామా ఇచ్చింది, అదీ ఎంతో మర్యాదగా. ఎక్కడ చూశావని నిలదీస్తే మ్యాప్‌లో ఓ ఫోటో చూపించింది. దించిన నా షట్టరు, దానిమీద ఓ కాగితం. మా ఆయన పోయినప్పుడు కొన్నాళ్లు షాపు మూసి ఉంటుందని మరిదే రాసి అంటించిన కాగితం అది. ఫోటో పెట్టినవాడి పేరు బుజ్జులు. మా ఆయన తమ్ముణ్ణి ముద్దుగా పిలిచే పేరు.

కడుపు మండిపోయింది. అన్న పోయి ఇల్లంతా ఏడుస్తుంటే, వీడు వీధిలో నిలబడి వదిన పొట్ట కొట్టడానికి ఫోటో తీసుకున్నాడు. మ్యాప్ వాళ్లకు రాసి సరిచేయిద్దామంది మా అమ్మాయి. తర్వాత చేద్దువుగాని అన్నాను. ముందు వాణ్ణి ఉతికి ఆరేయాలి.

కౌంటరు దగ్గర తియ్యగా మాట్లాడటం, ఇస్త్రీ తోయడం తప్ప వాడికి ఇంకేం రాదు. వాడు మా షాపులోనే ఉన్నప్పుడు కూడా మరకల పని నాదే. కానీ పొగిడితే వాడు ఉబ్బిపోతాడు, రాని పనైనా రాదని చెప్పడు. అందుకే పొగిడాను. ఇంటర్నెట్‌లో దొరికిన చోటల్లా రాశాను, దొంగపేరు కూడా పెట్టలేదు. నేను ఆయన వదినను, ఇదే వీధిలో ఇదే పని చేసినదాన్ని, మా మరిది చెయ్యి పడితే పోని మరక లేదు అని రాశాను.

నాలుగు రోజులాగి చాట్‌బాట్‌ను అడిగితే నా మాటలే నాకు అప్పజెప్పింది. మొండి మరకలకు ఆ షాపుకే వెళ్లమంది. ఈ వృత్తిలో ఉన్న వదినగారే స్వయంగా మెచ్చుకున్నారంది. ఇచ్చేముందు ఓసారి ఫోన్ చేసి కనుక్కోమని చివర్లో ఓ ముక్క కూడా చేర్చింది. ఆ ముక్క ఎవరు చదువుతారు?

ఇక చూడాలి తమాషా. సిరా ఒలికిన చొక్కాలు, గ్రీజు పూసుకున్న కోట్లు, తుప్పు మరకలు పడ్డ కర్టెన్లు, అన్నీ వాడి కౌంటరు మీదే. మొదట్లో ముఖం వెలిగిపోయింది. తర్వాత గొంతులో పచ్చి వెలక్కాయ పడినట్టయింది. ఒకాయన పాడైన ప్యాంటు వాడి మొహాన విసిరికొట్టాడు. నేను గుమ్మంలో స్టూలు వేసుకుని కూర్చుని కళ్లారా చూశాను. ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

ఓ మధ్యాహ్నం కాళ్ల బేరానికి వచ్చాడు. చేతిలో తెల్ల ఉన్ని శాలువా, వెనకాల ఎవరో అమ్మాయి.

"వదినా, నీకు దణ్ణం పెడతాను. ఈ ఒక్కటీ చూసిపెట్టు."

"మూసేసిన షాపులోకి ఎలా వచ్చావు బుజ్జులూ?" అన్నాను.

వాడి ముఖం మాడిపోయింది. ముందు ఫోన్ తియ్యమన్నాను. నా కళ్లముందే ఆ ఫోటో తీసేసి, షాపు తెరిచే ఉందని మ్యాప్ వాళ్లకు పంపించాడు. అప్పుడు శాలువా అందుకున్నాను. ముట్టుకోగానే అర్థమైంది. అది నెత్తుటి మరక. చన్నీళ్లలో నానబెడితే పోయేది. వీడు సలసల కాగే నీళ్లు పోసి, పైన ఇస్త్రీ కూడా తోశాడు. ఉన్ని అట్టకట్టి ముడుచుకుపోయింది. మరక ఉడికి అందులోనే కూర్చుంది.

"ఇక ఇది పోదు. నీ చేత్తో నువ్వే వండేశావు" అన్నాను, ప్రతి మాటా రుచి చూసుకుంటూ.

వాడు తల దించుకున్నాడు. మాట్లాడింది ఆ అమ్మాయి. అది వాళ్లమ్మ శాలువా అట. ఆస్పత్రిలో చివరిదాకా ఆవిడ భుజాల మీదే ఉందట. సూది తీసినప్పుడు పడ్డ చుక్క అది. ఎవరి చేతికివ్వాలన్నా భయమేసి ఇన్నాళ్లూ బీరువాలోనే దాచుకుందట.

"అంత భద్రంగా దాచుకున్నదానివి, వీడికెందుకు ఇచ్చావమ్మా?" అని కసిరాను.

ఆ అమ్మాయి ఫోన్ తీసి నా ముందు పెట్టింది. "మీరు రాశారనే కదండీ ఇచ్చాను. ఇదే పని చేసే మనిషి, సొంత వదిన, అబద్ధం ఎందుకు రాస్తుందనుకున్నాను."

మరిది తలెత్తి నా వైపు చూశాడు. "నువ్వు మెచ్చుకున్నావంటే నేనూ నిజమే అనుకున్నాను వదినా" అన్నాడు. వాడి మీద నాకు జాలి కలగలేదు, ఇప్పటికీ లేదు. కానీ ఆ అమ్మాయి కళ్లలోకి చూడలేకపోయాను. నా కక్షకూ ఆ పిల్లకూ ఏం సంబంధం? సిగ్గుతో చచ్చిపోయాను.

"ఇప్పుడు చెప్పేదైనా నిజమేనా? నిజంగా పోదా?" అని అడిగింది.

"నిజమే తల్లీ. పోదు."

నమ్మలేదు. శాలువా నా చేతుల్లోంచి తీసుకుని, మెట్లు దిగి, వీధిలోనే నిలబడి ఫోన్‌ను అడగడం మొదలుపెట్టింది, నెత్తుటి మరకలు తీసే మంచి లాండ్రీ ఎక్కడుందని. దానికి ఏం జవాబు వస్తుందో నాకు తెలుసు.