అక్క వయొలిన్‌కి వడ్రంగి బంక

చెక్క విషయంలో తమ్ముడి మాటకి ఆ వీధిలో తిరుగు లేదు. తలుపు మీద వేలితో తట్టి అది ఏ చెక్కో, ఎన్నేళ్లదో, చేసినవాడు ఎక్కడ బద్ధకించాడో చెప్పేస్తాడు. అడగకపోయినా చెప్తాడు, అదే చిక్కు. ఎవరు భోజనానికి పిలిచినా ముందు వంగి బల్ల అడుగుభాగం చూస్తాడని పెళ్లాం అతన్ని వెంట తీసుకెళ్లడమే మానేసింది.

అంతటివాడు ఆ శనివారం వయొలిన్ల షాపులో కాస్త బెదురుగా నిలబడ్డాడు. పక్కన అక్క. ఆసుపత్రిలో నర్సు, నలభై తొమ్మిదేళ్లు. వయొలిన్ నేర్చుకుంటానని పోయిన వారం ఆవిడ అంటే ఇంటిల్లిపాదీ నవ్వారు. తమ్ముడు నవ్వలేదు. అతని మొదటి ఉలి, మొదటి చిత్రిక అక్క తన మొదటి జీతంతో కొనిపెట్టినవి. ఆ తర్వాత ఇన్నేళ్లలో ఆవిడ అతన్ని ఏదీ అడగలేదు. ఇప్పుడు అడిగింది.

"నాకు వాయించడం రాదు, కొనడం అంతకన్నా రాదు. చెక్కేగా, నువ్వు చూసిపెట్టరా."

గడువు ఆదివారం పొద్దున్న పది గంటలు. సంగీతం నేర్పే పెద్దావిడ దగ్గర కొత్తవాళ్ల క్లాసులో ఒక్క చోటే మిగిలింది. పనికొచ్చే వయొలిన్‌తో వస్తే అది అక్కది, లేకపోతే ఇంకొకరిది. "డబ్బా తెస్తే గుమ్మంలోంచే వెనక్కి పంపేస్తాను, చెవి పాడవుతుంది" అని ఆవిడ ముందే చెప్పేసింది. అక్క చేతిలో ఉన్నదేమో ఒక నెల ఇంటద్దెకి సరిపడే డబ్బు.

షాపాయన ఎర్రగా నిగనిగలాడే కొత్త వయొలిన్ తీశాడు. "మొదలుపెట్టేవాళ్లకి ఇదే బెస్టండీ. మీ బడ్జెట్‌లో సరిగ్గా సరిపోతుంది."

అక్క ముఖం వెలిగిపోయింది. తమ్ముడు మాత్రం జేబులోంచి చిన్న టార్చి తీసి, వయొలిన్ పైపలకకి ఉన్న వంకర రంధ్రం అంచు మీద వెలుగు పడేలా పట్టుకున్నాడు. చెక్క పొరలు పొరలుగా కనిపించింది.

"ఇది ప్లైవుడ్డు. పైనున్న గీతలు పెయింటు."

"అంత లోతుగా ఎవరు చూస్తారండీ?"

"నేను చూశానుగా!"

తన పప్పులు ఇక్కడ ఉడకవని షాపాయనకి అర్థమైంది. తమ్ముడు ఒక్కొక్కటే చూసుకుంటూ పోయి చివరికి అటక మీది నుంచి దుమ్ము పట్టిన పెట్టె దింపించాడు. లోపల ఒక పాత వయొలిన్. పాలిష్ వెలిసిపోయింది. తీగల కింద నిలబడాల్సిన బ్రిడ్జి, అరచేతిలో పట్టేంత పల్చని చెక్కముక్క, ఊడిపోయి కాగితంలో చుట్టి ఉంది. తమ్ముడు టార్చి వేశాడు, తట్టాడు, వెనక పలకలు రెండూ కలిసిన చోట గోరు ఆనించి లాగాడు. గోరుకి ఏమీ తగల్లేదు.

"ఎవరో మహానుభావుడు చేశాడక్కా" అన్నాడు మెల్లిగా. ఇంకొకడి పనిని అతను మెచ్చుకోగా అక్క వినడం అదే మొదటిసారి.

కమానుతో, పెట్టెతో కలిపి ఎర్రదానికన్నా తక్కువకే వచ్చింది. "బ్రిడ్జి నిలబెట్టుకుంటే చాలండీ" అన్నాడు షాపాయన, పీడ వదిలిందన్నట్టు.

"నిలబెట్టుకుంటే చాలట!" ఇంటికొచ్చాక తమ్ముడు చిందులు తొక్కాడు. "నాలుగు తీగల లాగుడు మొయ్యాల్సిన ముక్కని ఊరికే నిలబెడతాడా ఎవడైనా?" పాత బంక ఎండి రాలిపోయి ఉంటుందనుకున్నాడు. బ్రిడ్జి కాళ్ల గుర్తులు పలక మీద ఎలాగూ ఉన్నాయి. అక్కడ గరుకు కాగితంతో సుతారంగా రుద్ది, వేడివేడిగా కాచిన తన బంక పూసి, దారంతో బిగించి కట్టాడు. పొద్దున్న దారం విప్పి లాగితే ఇసుమంత కదల్లేదు. అతని ఆనందానికి పట్టపగ్గాల్లేవు.

పెద్దావిడ మూడో అంతస్తులో ఉంటుంది. తొమ్మిదింటికల్లా అక్కాతమ్ముళ్లు ఆవిడ ముందున్నారు. ఆవిడ వయొలిన్ అటూ ఇటూ తిప్పి చూసి, బ్రిడ్జి కాస్త వంగినట్టుంటే సరిచెయ్యబోయింది. అది రాలేదు. కళ్లజోడు పెట్టుకుంది.

"దీన్ని అంటించారా?"

"గట్టిగా అంటించానండీ!" తమ్ముడు ఛాతీ విరిచాడు.

ఆవిడ కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకోవాల్సి వచ్చేంతగా నవ్వింది. "నలభై ఏళ్లుగా నేర్పుతున్నాను నాయనా, ఇలాంటిది ఇదే చూడ్డం. దాన్ని తీగలే నొక్కి పట్టి ఉంచుతాయి. కాస్త వంగితే సరిచేసుకోవాలి, అరిగితే మార్చుకోవాలి. అంటిస్తే ఎలా? ఇలా అయితే నేను తీసుకోలేను."

తమ్ముడికి తల కొట్టేసినట్టయింది. అక్క గడియారం చూసుకుంది.

"కొంచెం వేడినీళ్లు, గుడ్డ, పల్చటి చాకు ఇప్పించండి" అన్నాడు. సీసాలో కొన్న బంకైతే ఆశ వదులుకునేవాడే. తను కాచినది వేడికి కరిగి అంటుకున్నది, కాబట్టి వేడికే వదలాలి. వంటింటి నేల మీద మోకాళ్లేసి కూర్చుని, వేడిగుడ్డ బ్రిడ్జి కాళ్లకి మాత్రమే ఆనిస్తూ, చాకు మొన దూరుస్తూ పోయాడు. తన బంక ఓడిపోవాలని జీవితంలో మొదటిసారి కోరుకున్నాడు. పదింటికి పావుగంట ఉందనగా బ్రిడ్జి ఊడి చేతిలోకొచ్చింది. పలక మీద చిన్న పేడు కూడా లేవలేదు.

పెద్దావిడ బ్రిడ్జి నిలబెట్టి తీగలు బిగించింది. అది మేకూ బంకా లేకుండా నిలబడింది. ఎక్కడ పడుతుందోనని తమ్ముడు దోసిలి పట్టుకునే ఉన్నాడు. ఆవిడ కమాను ఒక్కసారి పొడుగ్గా లాగింది. నాదం గదంతా నిండింది. ఇంకోసారి లాగింది, ఈసారి కళ్లు మూసుకుని.

"ఎంతకి కొన్నారు?"

అక్క చెప్పింది. ఆవిడ నమ్మలేనట్టు చూసింది. "ఎవరు ఏరారు దీన్ని?"

"మా తమ్ముడేనండీ" అంది అక్క. అని ఊరుకుందా? "బంక పూసింది కూడా వీడే!"

"నేను వెళ్లినా ఇంత మంచిది తెచ్చేదాన్ని కాదు. ఆ చోటు నీదమ్మా, లోపలికి రా."

తలుపు మూసుకుంది. తమ్ముడు మెట్ల మీద కూర్చున్నాడు. కాసేపటికి లోపల్నుంచి చప్పుడు మొదలైంది. బందులు నూనె ఎరగని తలుపుని ఎవరో పంతంపట్టి తెరుస్తున్నట్టుంది. ఆగింది. మళ్లీ మొదలైంది. కూరల సంచీతో మెట్లెక్కుతున్న పెద్దమనిషి ఒకాయన చెవి మూసుకున్నాడు.

"ఎవరండీ అది, ఆదివారం పూట?"

తమ్ముడు లేచి నిలబడి చొక్కా సరిచేసుకున్నాడు.

"మా అక్కండీ" అన్నాడు. "ఇవాళే మొదలుపెట్టింది."