మోచేతి ఎత్తు

నలభై చొక్కాల్లో పదకొండింటికి కాలర్లు వంకరపోయాయి. మాస్టారు వాటిని బల్ల మీద పరిచి మేనకోడల్ని పిలిచాడు. ఆ దుకాణంలో కటింగ్ చేసేది వాళ్ళిద్దరే. నిలబడే కత్తిరించాలన్నది అక్కడి పద్ధతి.

"ఏమ్మా, ధ్యాస ఎక్కడుంది?"

"కూర్చుని కత్తిరించాను మావయ్యా. మీరు భోజనానికి వెళ్ళినప్పుడు."

ఆమె కూర్చున్నది గిరాకీల కోసం వేసిన కుర్చీలో. అందులో కూర్చుంటే మోచెయ్యి బల్ల అంచుకి కిందే ఉండిపోతుంది.

కాజాలు కుట్టే పిన్ని సూది ఆపింది. "పొద్దున బస్సు వెనక పరిగెత్తింది మాస్టారూ, నా కళ్ళారా చూశాను. మధ్యాహ్నానికి మహారాణికి సింహాసనం కావాల్సొచ్చింది."

"పరిగెత్తాను పిన్నీ. పొద్దున పరిగెత్తగలను. రెండయ్యేసరికి కాళ్ళలో బలం ఉండదు. నరాల జబ్బట."

"ఎన్నాళ్ళనుంచి?" అన్నాడు మాస్టారు.

"రెండేళ్ళు. పైకి ఏమీ కనబడదుగా, చెప్పినా ఎవరు నమ్ముతారు? నమ్మితే ఇంకో భయం. కటింగ్ మాన్పించి కాజాలకి కూర్చోబెడతారని."

"కాజాలంటే అంత లోకువా?" అంది పిన్ని.

 మాస్టారి నోటిదాకా వచ్చింది ఆ కాజాల మాటే. మెడలోంచి టేపు తీశాడు.

"కూర్చో."

కూర్చుంది. కుర్చీ నుంచి మోచేతి దాకా తొమ్మిది అంగుళాలు. బల్ల ఎత్తు ముప్పై ఆరు. కత్తెర ఆడాలంటే మోచెయ్యి బల్లకి మూడంగుళాలు పైన ఉండాలి. సుద్దతో బల్ల మీదే లెక్క వేశాడు.

"ఊరందరి కొలతలూ తీశాను. ఇంట్లో మనిషి కొలత తీయలేదు" అన్నాడు.

ముప్పై అంగుళాల స్టూలు, కాళ్ళు ఆనించుకోవడానికి అడ్డకర్ర. వడ్రంగి నాలుగో రోజున తెచ్చి ఇచ్చాడు. ఆ మధ్యాహ్నం ఆమె స్టూలు మీద కూర్చుని ఇరవై కాలర్లు కత్తిరించింది. మాస్టారు వాటిని ఒకదాని మీద ఒకటి పేర్చి అంచులు చూశాడు. దారమంత తేడా కూడా లేదు. కొత్త గుడ్డ తాను తెచ్చి ఆమె ముందు పడేశాడు.

"ఎల్లుండికి కావాలి."

ఆమె తాను విప్పి సుద్ద అందుకుంది.

మర్నాడు పది గంటలకి పిన్ని మెట్లెక్కి మేడ మీద నుంచి మంచినీళ్ళ బిందె దింపుకొచ్చింది. ఆయాసపడుతూ గ్లాసు అందించింది.

"నువ్వు మెట్లెక్కకు తల్లీ, నేనున్నాగా."

"పదేగా అయింది పిన్నీ. ఇప్పుడు నేను నిన్ను కూడా ఎత్తుకుని ఎక్కగలను. రెండు దాటాక తెద్దువుగాని."

"ముందే చెప్పొచ్చుగా, నడుం పట్టేసింది" అని పిన్ని ఆ స్టూలెక్కి కూర్చుంది.