చేతికివ్వకూడని మాట

నేను ఒక కత్తిపీటను. ఇప్పుడు మీ ఇళ్ళల్లో నాలాంటివాళ్ళు అటకెక్కేశారు గానీ, ఒకప్పుడు నేను లేని వంటిల్లంటే పొయ్యి లేని వంటిల్లే. కూర్చోడానికో చెక్క పీట, దాని ముందు కొసన నిలబడి వంపు తిరిగిన ఇనప కత్తి, కత్తి కొనన కొబ్బరి కోరడానికి పళ్ళు. అంతే నా ఒళ్ళు. ఏ కత్తి పదునైనా ఎదుటివాడి వైపు చూస్తుంది. నా పదును మాత్రం నా మీద కూర్చున్న మనిషి వైపే చూస్తుంది. అందుకేనేమో, నా దగ్గర కూర్చున్నవాళ్ళు ఒళ్ళు దగ్గర పెట్టుకుని కూర్చుంటారు.

నా ఇనుము పూర్వం ఏదో లారీకి కమాను పట్టీ. చీపురుపల్లి అవతల నూకయ్యాచారి అనే కమ్మరి దాన్ని కొలిమిలో ఎర్రగా కాల్చి, సాగగొట్టి నన్ను చేశాడు. ఆయన భార్య తిత్తి ఊదుతూ, "పదును మరీ ఎక్కువెట్టకు మావా, కొత్త కోడళ్ళు ఏళ్ళు తెగ్గోసుకుంటారు" అనేది. ఆయన వినలేదు. మగాళ్ళు వినకపోవడం నేను చూడ్డం అదే మొదలు.

పైడితల్లమ్మ పండగ సంతలో నన్ను సూరీడమ్మ కొంది. అప్పటికామె కొత్త పెళ్ళికూతురు. జనపనార మిల్లు కూలీలకని కట్టిన లైను ఇళ్ళలో కాపురం. ఎదురెదురుగా రెండు వరసలు, మధ్యన సన్నటి సందు. ఇటువాళ్ళు మూత తీస్తే అటువాళ్ళకి కూరేమిటో తెలిసిపోయేది. ఇరవై రెండు గుమ్మాలు, అన్నీ పగలంతా తెరిచే ఉండేవి.

సూరీడమ్మ నన్ను ఎవరికైనా వాడుకోడానికి ఎరువిస్తే ఒక పద్ధతుండేది. చేతికిచ్చేది కాదు. గచ్చు మీద పెడితే, అవతలావిడ వంగి తీసుకోవాలి. కత్తి, ఉప్పు, చీపురు చేతికిస్తే ఆ ఇద్దరికీ తగువు తప్పదని లైన్లలో అందరి నమ్మకం. ముప్పై ఏళ్ళు నేనలా గచ్చు మీంచి గచ్చు మీదికే నడిచాను. పెళ్ళిళ్ళకి గుమ్మడికాయలు కోశాను, చావులకి అరటికాయలు కోశాను. ఆమె మోకాళ్ళు అరిగిపోయాక కోడలు గౌరి నా మీద కూర్చుంది.

తరవాత మిల్లు గేటుకి తాళం పడింది.

ఏ గొడవల వల్లో నాకు తెలీదు. నాకు తెలిసిందల్లా, పొద్దున్నే కూత కూసే మిల్లు నోరు మూసుకుంది. మగాళ్ళు మొదటి నెల గేటు ముందు కూర్చున్నారు, రెండో నెల టీకొట్టు ముందు కూర్చున్నారు, మూడో నెలకి సందు మొదట్లో సారా అమ్మేవాడి ముందు కూర్చున్నారు. పని పోయిన మగాడు కాలు విరిగిన కుర్చీలాంటివాడు. ఎక్కడ పెట్టాలో ఇంట్లో ఎవరికీ తెలీదు.

గౌరి జీడిపిక్కల షెడ్డులో పనికి కుదిరింది. మొగుడు పైడిరాజు మిల్లులో మగ్గం ఖాతాలో, అంటే నేతపనిలో, పద్దెనిమిదేళ్ళు చేసినవాడు. ఉత్తినే కూర్చోలేక ఓ రోజు నా మీద కూర్చుని బెండకాయలు కోశాడు. నార పట్టిన వేళ్ళు కదా, ముక్కలన్నీ ఒకే మందం. రెండో రోజూ కోశాడు. పది రోజులు పోయేసరికి కూరలు కోసేటప్పుడు తనలో తనే ఏదో కూనిరాగం తీసేవాడు. నా మీద కూర్చుని పాడిన మగాడు ఆయనొక్కడే.

అంతలో ఓ మాట పుట్టింది. పీటరాజు.

ఎక్కడ పుట్టిందో అప్పుడు ఎవరూ అడగలేదు. కుళాయి దగ్గర విన్నవాళ్ళు టీకొట్టులో అన్నారు, టీకొట్టులో విన్నవాళ్ళు సారా దగ్గర అన్నారు. ఎదురింటి అప్పన్నకి ఆ మాట చక్కెర బిళ్ళలా దొరికింది. అతనూ పని పోయినవాడే. వరసకి పైడిరాజుకి బావ. బావ వెక్కిరిస్తే తప్పు పట్టకూడదని మనవాళ్ళకో రాయని చట్టం ఉంది కదా. "పీటరాజు బావా, ఈపూట కొలువులో ఏటి కూర?" అనేవాడు. పైడిరాజు మొదట నవ్వాడు. తరవాత తలొంచుకున్నాడు. ఆ తరవాత తలుపు దగ్గరికేసుకుని కూరలు కోశాడు. కూనిరాగం ఆగిపోయింది. కోసే ముక్కలు మందం అయ్యాయి. మధ్యాహ్నాలు నోట్లోంచి సారా వాసన వచ్చేది. ఇవన్నీ నేను చూశాను గానీ, ఇనుముకి నోరేది?

ఓ మంగళవారం పొద్దున అప్పన్న పెళ్ళాం రాములమ్మ పనసకాయ కొయ్యాలని నన్ను ఎరువడిగింది. షెడ్డుకి ఆలస్యమైపోతోందన్న కంగారులో గౌరి నన్ను కింద పెట్టలేదు. చేతికిచ్చేసింది. "అయ్యో, సేతికిచ్చీసినావేటే" అంది రాములమ్మ. "ఏటవదులే వదినా" అని గౌరి పరిగెత్తింది.

పనస జిగురు అంటకుండా రాములమ్మ నాకు నిండా నూనె రాసింది. సాయంత్రం నాలుగింటికి గౌరి తోటి పనివాళ్ళతో సందులోకి వచ్చింది. అప్పన్న గుమ్మంలోంచి, "ఒలే గౌరీ, పీటని పంపినావు సరే, దాని రాజుని కూడా పంపకపోయావేటి? పనసకాయ ఒలిసిపెట్టీవోడు" అన్నాడు. పనివాళ్ళంతా పకపకా నవ్వారు. గౌరి కూడా, ఏం చెయ్యాలో తోచక, కాస్త నవ్వింది.

ఆ నవ్వు పైడిరాజు చూశాడు. మధ్యాహ్నం నుంచీ తాగి ఉన్నాడు. సందు దాటి వచ్చి, అప్పన్న గుమ్మం లోపల గచ్చు మీదున్న నన్ను పీట పట్టుకుని ఎత్తాడు. నేను పోట్లాటకి పుట్టినదాన్ని కాను. ఒళ్ళంతా నూనె. చేతిలో జారి తిరగబడ్డాను. నా చెక్క అప్పన్న భుజం మీద పడి చర్మం చిట్లింది, మెడ పక్క ఎముక విరిగింది. నా కత్తి, ఎటు చూడాలో అటే చూసి, ఎత్తినవాడి ముంజేతిని చీల్చింది. ఇద్దరి నెత్తురూ ఆ పనస తొనల మీదే పడింది.

అప్పుడు వినబడింది ఆ చప్పుడు. అరుపులు కాదు. తలుపులు. ధబధబా ఒకదాని వెనక ఒకటి మూసుకున్నాయి. కన్ను మూసి తెరిచేలోగా సందులో ఇద్దరు పెళ్ళాలూ, సూరీడమ్మా, నెత్తురోడుతున్న ఇద్దరు మగాళ్ళూ తప్ప ఎవరూ లేరు. మనకెందుకులే అన్న మాటకి చప్పుడంటూ ఉంటే అది అదే.

పోలీసులు నాకు చీటీ కట్టి కొత్త పేరు రాశారు. మారణాయుధం. ఆ పేరుకి నాకు సిగ్గేసింది. స్టేషను వెనక గదిలో నాలాంటి చీటీలవాళ్ళు చాలామందే ఉన్నారు. ఓ రోకలి, ఓ సైకిలు గొలుసు, ఓ ఇస్త్రీపెట్టె, పిల్లలాడుకునే బ్యాటొకటి. నిజమైన ఆయుధంగా పుట్టినవాళ్ళు అక్కడ ఒక్కరో ఇద్దరో. మిగిలినవాళ్ళం ఇళ్ళల్లో పనిచేసుకునేవాళ్ళమే. ఎవరి కథ కదిపినా తాగుడో, అనుమానమో, గట్టు తగాదానో, ఎగతాళో. కొసకి వచ్చేసరికి అందరిదీ ఒకటే మాట: చుట్టుపక్కలవాళ్ళు తలుపులేసుకున్నారు.

ఏడాదిన్నర పోయాక లోక్ అదాలత్‌లో రాజీ అయింది. ఈలోగా పైడిరాజు కొన్నాళ్ళు జైల్లో ఉండి బెయిలు మీద అత్తారి ఊళ్ళో తలదాచుకున్నాడు. అప్పన్న కుడిచెయ్యి నోటిదాకా కూడా లేవదు. ఇద్దరూ వేలిముద్రలేశారు. సూరీడమ్మ జడ్జీగారి ముందుకెళ్ళి, "బాబూ, నా కత్తిపీట ఇప్పించండి. ఏడాదిన్నరై కూరలు పళ్ళతో కొరుక్కుంటన్నాం" అంది. కోర్టంతా నవ్వింది. జడ్జీగారు నవ్వి, నవ్వి, ఆలోచించి, ఇప్పించారు.

నన్ను గోనెసంచిలో చుట్టి ఆమె బస్సు దిగింది. వెనక గౌరి, ఆ వెనక పైడిరాజు. పట్టపగలు. సందు మొదట్లో రాములమ్మ అడ్డంగా నిలబడింది. పక్కన ఆమె తమ్ముడు లచ్చన్న, చేతిలో కర్ర. వెనక గుమ్మంలో అప్పన్న. రాజీ కాయితం మీద అయింది గానీ, బావ చెయ్యి పడగొట్టినవాణ్ణి లైన్లలో అడుగుపెట్టనివ్వనని అతను పంతం పట్టాడు. సందు నిండా జనం. అందరి చెయ్యీ తలుపు రెక్క మీదే.

"ఆ పీట ఈ సందులోకి రాకూడదత్తా" అంది రాములమ్మ. "ఏట్లో పారీయి. సేతికిచ్చిన కత్తి అది. దానివల్లే ఇంత జరిగినాది."

"అవునవును, సేతికివ్వడం తప్పు" అన్నారు నలుగురు. వాళ్ళకదే కారణం. మిల్లు తాళం కాదు, సారా కాదు. గౌరి కంగారులో వంగకపోవడం.

"ఏరా, పీటరాజూ, ఎనక్కాల దాక్కున్నావేటి?" అన్నాడు లచ్చన్న. పైడిరాజు ముఖం మారింది. గౌరి అతని మోచెయ్యి పట్టుకుంది. ఇంకో దెబ్బ పడితే ఈసారి రాజీలుండవు. ఆమెకి మొగుడూ ఉండడు, ఇల్లూ ఉండదు.

సూరీడమ్మ నన్ను సంచిలోంచి తీసి, సందు మధ్యలో పెట్టి, నా మీద చతికిలబడింది. కత్తిపీట మీద కూర్చున్న ఆడమనిషిని దాటి ఎవరూ నడవరు. లచ్చన్న ఆగాడు.

"సేతికివ్వకూడదు. నిజమే" అంది. "అయితే రాములూ, మీ ఇంటికి పీట నా కోడలిచ్చినాది. మరి పీటరాజన్న మాట ఎవులిచ్చినారు?"

రాములమ్మ మొగుడి వైపు చూసింది. "మా ఆయన టీకొట్టు కాడ ఇన్నాడు."

టీకొట్టు నడిపే గురువులనే అతను, "నాకేటి తెలుసు మామ్మా, బంగారమ్మ అంటే నవ్వినాను. అంతే" అన్నాడు.

"నవ్వి ఊరుకున్నావా? టీతో పాటు అందరికీ పోసినావు" అంది ఎవరో ఆడమనిషి. కొందరు నవ్వబోయి మానుకున్నారు.

పక్క గుమ్మంలోంచి బంగారమ్మ అందరివైపూ చూసింది. "నాను కుళాయి కాడ ఇన్నాను" అని ఆగింది. "సెప్పమంటావా అత్తా?"

"సెప్పు."

"నువ్వే అన్నావు."

సూరీడమ్మ బరువు నామీద ఒక్కసారిగా పెరిగినట్టనిపించింది. నాకు ముందే తెలుసు. ఆ వేళ బిందె కిందపెట్టి ఆమె మురిసిపోతూ అన్న మాట, కుళాయి వైపు తెరిచి ఉన్న మా కిటికీ కింద నేనూ విన్నాను.

"అవును" అంది సూరీడమ్మ. "నానే అన్నాను. మిల్లుకి కూలోడైనా మా వోడు పీటకి రాజే, బెండకాయ ఎంత సన్నంగా కోత్తాడో అన్నాను. ముద్దుకన్నాను."

పైడిరాజు ముందుకొచ్చాడు. "నీ నోటమ్మట ఇంటే నానూ ముద్దే అనుకుందునమ్మా. ముప్పై నోళ్ళు తిరిగొచ్చినాది." తల్లి పక్కన నేలమీద కూలబడ్డాడు. "మాటెవులిదైనా, పీటెత్తింది నా సెయ్యి. దాన్ని ఎవుల మీదా ఎట్టను. అప్పన్న బావా, నీ సెయ్యి నాను తిరిగి ఇవ్వలేను."

సానరాయి మీద తిరిగిన కొద్దీ కత్తి పదునెక్కుతుందని నాకు తెలుసు. ముద్దుమాట కూడా అలాగే ఎక్కుతుందని ఆ రోజే తెలిసింది.

అప్పుడు గౌరి, ఎప్పుడూ పెద్దగా మాట్లాడని గౌరి, తలుపుల వైపు తిరిగింది. "ఆ పూట ఇరవై తలుపులేసినారు. ఒక్కటి తీసుంటే, ఒక్కరు సెయ్యడ్డుంటే, నా మొగుడు జైల్లో ఉండును కాదు, మా అప్పన్నన్న ఎడంసేత్తో అన్నం తినును కాదు. ఇప్పుడూ ఏసుకుంటారా?"

ఒకరొకరుగా తలుపుల మీంచి చేతులు దించారు. గుమ్మాలు దిగి సందులోకి వచ్చారు. లచ్చన్న చుట్టూ పది మంది చేరారు, కొట్టడానికి కాదు, నిలబడ్డానికి. అప్పన్న ఎడంచేత్తో బామ్మరిది కర్ర పట్టుకున్నాడు. "దించీరా లచ్చన్నా. నానింకా దీన్ని మరిసిపోలేదు. మరిసిపోతానని సెప్పను కూడా. గానీ నా పేర నువ్వు కర్రెత్తకు."

ఆ పూట అంతకంటే పెద్ద రాజీ ఏమీ జరగలేదు. జరిగిందని చెబితే అబద్ధం. కానీ లైన్లలో కొన్ని పద్ధతులు పడ్డాయి. ఎవరి గురించి ఏ మాట మోసుకొచ్చినా, "కింద పెట్టు" అనడం మొదలుపెట్టారు. ఆ మనిషి ముందే పెట్టు, తీసుకుంటే తీసుకుంటాడు, లేకపోతే అక్కడే ఉంటుంది అని. ఏ ఇంట్లో గొంతు లేచినా పక్కింటివాళ్ళు గరిటెతో కంచం కొట్టాలి. కంచం మోగితే తలుపులు తెరవాలి, అందరూ రావాలి. స్టేషను హెడ్డు గారి ఫోను నంబరు కుళాయి గోడ మీద బొగ్గుతో రాశారు. వాన పడి చెరిగినప్పుడల్లా బంగారమ్మ మళ్ళీ రాస్తుంది. ఆడవాళ్ళంతా వెళ్ళి కూర్చుంటే సారా వాడు సందు మొదలు వదిలి పోయాడు. ఊరు వదిలిపోలేదు గానీ, ఓ కిలోమీటరు దూరమైనా తాగేవాడికి ఆలోచించుకునే టైమే. మిల్లు తెరుచుకోలేదు. పైడిరాజుని పెళ్ళివంటల మేస్త్రీలు కూరలు కొయ్యడానికి పిలుస్తున్నారు. అప్పన్న చేత్తో ఎత్తలేడు గనక, మార్కెట్లో కూరలు ఏరి బేరం చేసి పంపుతాడు. ఇద్దరూ మునుపట్లా మాట్లాడుకోరు. కానీ కూరలు గుమ్మం దాకా వస్తాయి.

సూరీడమ్మ పోయి రెండేళ్ళయింది. నా కత్తి అరిగి అరిగి చంద్రవంకలా సన్నబడింది. పీట ఓ పక్క పగిలితే మేకులు కొట్టారు.

మొన్న శ్రావణంలో, మధ్యాహ్నం, పైడిరాజు నా మీద కూర్చుని బీరకాయ కోస్తున్నాడు. సందు చివర ఇద్దరు అన్నదమ్ములు నీళ్ళ మోటారు గురించి అరుచుకుంటున్నారు. ఒకడు తాగి ఉన్నాడు. కంచం మోగింది. ఒకటి, తరవాత ఇంకోటి. వరసగా తలుపులు తెరుచుకుంటున్న చప్పుడు. ఎదురింట్లోంచి అప్పన్న, "బావా, రా" అన్నాడు. అంతే అన్నాడు.

పైడిరాజు లేచాడు. ముంజేతి మీది మచ్చ నా కత్తికి ఆనుకునేంత దగ్గరగా ఉంది. నా వైపు ఒక్క క్షణం చూశాడు. సగం కోసిన బీరకాయ నా పక్కన పెట్టి, చేతులు పంచెకి తుడుచుకుని, ఉత్త చేతులతో బయటికి నడిచాడు.

ఓ గంట పోయాక వచ్చి, కాళ్ళు కడుక్కుని, మిగిలిన సగం కోశాడు.