కుంటలో పూడిక

"రజ పండగ మూడు రోజులూ ఆడవాళ్లు ఏ పనీ ముట్టకూడదు. అందుకని మూడు రోజుల పనీ ఇవాళే చేసెయ్" అంది మా అత్తగారు, నానిన మినప్పప్పు గిన్నె నా ముందుకు తోస్తూ. ఆవిడ మాటలో వెటకారమేమీ లేదు. ఒడిశాలో, మా కెందుఝర్‌లో ప్రతి ఇంటా ఇదే తంతు. తొలకరికి ముందు భూదేవి మూడు రోజులు బయట ఉంటుంది. నాగలి కదపరు, గడ్డపార దించరు, ఆడవాళ్లు కూర కూడా తరగరు, కొత్త చీరలు కట్టుకుని ఉయ్యాలలూగుతారు. పెళ్లయ్యాక ఆ ఉయ్యాల నేను ఎక్కలేదు. పండక్కి ఆడపడుచులు వస్తారు. వాళ్లు ఊగాలంటే వంటింట్లో ఒకరు నిలబడాలి కదా, ఆ ఒకరు కోడలు. పప్పు రుబ్బి, పిండిలో బెల్లం, కొబ్బరి కలిపి, పండగ రొట్టె పోడ పిఠా గిన్నెని సన్న సెగ మీద పెట్టి ఆఫీసుకి పరిగెత్తాను.

నాది ఇనుప గనిలో నీళ్ల లెక్క. కొండ మీద ఎంత వాన పడితే ఎంత నీరు ఏ వాలున దిగుతుందో, మట్టి దిబ్బల నుంచి ఎంత ఎర్రమన్ను లాక్కొస్తుందో కంప్యూటర్లో కట్టి చూస్తాను. దాన్నిబట్టి కాలువలు, రాతి అడ్డుకట్టలు, అన్నిటికీ చివర ఒక కుంట. బురదనీరు కుంటలో నిలిచి, మన్ను అడుక్కి దిగి, తేటనీరు మాత్రం వాగులో కలవాలి. మా ఆయన ప్రియబ్రత అదే గనిలో లారీలు పంపించే చోట పనిచేస్తాడు. "మా ఆవిడ ఏసీలో కూర్చుని వాన కురిపిస్తుంది" అని చుట్టాల్ని నవ్విస్తుంటాడు. నేనూ నవ్వేదాన్ని.

నిరుడు కుంట గట్టు మీంచి పొర్లిన బురద కింద ఊళ్లో సోంబారి అనే ఆమె మడిని ముంచేసింది. ఆమె వరినారు కట్ట ఒకటి తెచ్చి మా గని గేటు ముందు పెట్టి, అక్కడే కూర్చుంది. ఎర్రగా గట్టిపడిపోయిన ఆ కట్టని వాచ్‌మన్ చీపురుతో పక్కకి నెట్టాడు. కుంటని నింపేసిన ఆ పూడిక ఇంకా అందులోనే ఉంది. తీయించమని వేసవంతా అడుగుతూనే ఉన్నాను. పోయిన వారం ఎలాగో ఒక యంత్రాన్ని పంపారు. ఇవాళ చూస్తే అది అక్కడ లేదు.

"రజ వచ్చేసిందిగా అమ్మా" అన్నాడు మేనేజర్ రౌత్రాయ్. "ఇప్పుడు భూమిని తవ్వితే ఊళ్లోవాళ్లు ఊరుకుంటారా? వానలు వెనకబట్టాక చూద్దాం. కుంట ఖాళీ అని పెట్టి లెక్క పంపించు. ఈసారి రిపోర్టు నీ పేరుతోనే వెళ్తుంది, సంతోషమేగా?"

ఆయన వెనక కిటికీలోంచి, కుంట దగ్గర ఉండాల్సిన యంత్రం ఖనిజాన్ని తోడి లారీలోకి పోస్తూ కనిపించింది.

"అది భూమి కాదా సార్?"

"అది ప్రొడక్షన్."

సీటుకొచ్చి, కుంటని ఉన్నది ఉన్నట్టు, పూడికతో సహా పెట్టి చూశాను. మొదటి పెద్దవానకే తెర మీద నీలిగీత గట్టు దాటి సోంబారి మడిలోకి దిగింది. ఖాళీ అని పెట్టి చూశాను. చుక్క పొర్లలేదు. ఎంత సుఖం, ఒక్క అబద్ధంతో కొండంతా సర్దుకుంది.

సాయంత్రం మా ఆయన ఇంటికొస్తూనే, సార్ తనతో కూడా మాట్లాడాడని చెప్పాడు. ఒక్క అంకె మారిస్తే నీ సొమ్మేం పోయింది, నీ పట్టుదలకి నా ఉద్యోగం మీదికి తేకు అన్నాడు. నేను పిఠా ముక్కలు కోస్తూ విన్నాను. నన్నూ ఈ ఇంట్లో ఏటా ఖాళీ అనే లెక్కేస్తున్నారు అనిపించింది. గర్భం పోయిన వారానికే "ఇంకా ఎన్నాళ్లు పడుకుంటావ్, మా అబ్బాయికి టిఫిన్ ఆలస్యమవుతోంది" అన్న అత్తగారి మాట. నాకు మీటింగ్ ఉన్న రోజున ఆయన చొక్కా ఇస్త్రీ లేదని ఆవిడే మా అమ్మకి ఫోన్ చేసి చెప్పిన మాట. పొద్దున్న లేస్తే నేను తేటగానే కనిపిస్తాను, టీ గ్లాసులు అందిస్తాను. అడుగున ఏం పేరుకుందో ఇన్నేళ్లలో ఎవరూ కర్ర దించి చూడలేదు. నాకు ఏడుపు రాలేదు. ఒళ్లుమండింది.

పండగ మొదటి రోజు పొద్దున్నే, పూడికతో కట్టిన లెక్కనే రిపోర్టులో పెట్టి, గట్టు ఎక్కడ పొర్లుతుందో గుర్తు పెట్టి, నా పేరు రాసి, ఎవరెవరికి వెళ్లాలో వాళ్లందరికీ పంపేశాను. కొత్త చీర కట్టుకుని పెరట్లో పనసచెట్టుకు వేసిన ఉయ్యాల ఎక్కి కూర్చున్నాను. ఆడపడుచు రోజాలిన్ తాంబూలం నములుతూ వచ్చి, తన చోట నన్ను చూసి, "ఏంటి వదినా, పొద్దున్నే!" అని నవ్వింది.

కాసేపటికి మా ఆయన ఫోన్ పట్టుకుని వచ్చాడు. రౌత్రాయ్ నాకు కాదు, ఆయనకి చేశాడు. మొహం మాడిపోయి ఉంది. "నువ్వే మాట్లాడు" అని చేతిలో పెట్టాడు.

రౌత్రాయ్ అరవలేదు. నెమ్మదిగా, తండ్రిలా, నచ్చజెప్పాడు. పండగపూట భూమిని తవ్వమంటావా, మన ఆచారం నీకు తెలియదా అన్నాడు.

"తెలుసు సార్" అన్నాను. "నాలుగో రోజు భూదేవికి తలంటు. అందాకా మీ ఖనిజం దగ్గర కూడా తవ్వడం ఆపించండి. ఆ రోజు కుంటలో పూడిక తీయించండి. నేనొచ్చి చూసుకుని, అప్పుడు ఖాళీ అని రాస్తాను."

రౌత్రాయ్ ఫోన్ పెట్టేశాడు. మా ఆయన నా కాళ్లవైపు చూశాడు, అవి నేలకి అందడం లేదు. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో నాకూ తెలియదు. భయంగానే ఉంది. అయినా కాళ్లు గాల్లోకి చాచి ఇంకాస్త పైకి ఊగాను.

వసారాలోంచి అత్తగారు కేకేసింది. "ఇతిశ్రీ! అల్లుడుగారు లేచారు, కాస్త టీ పెట్టమ్మా."

"నాలుగో రోజు పెడతాను అత్తయ్యా" అన్నాను.