ఒంటి సీటు

దబ్బనం తోలును దాటి ఫోమ్‌లోకి దిగినప్పుడు చిన్న నిట్టూర్పు లాంటి చప్పుడు వస్తుంది. ఆ చప్పుడు వినపడేదాకా ఆగి, దారం బిగించి, ఆమె మళ్ళీ గుచ్చుతోంది. పొద్దుటి ఎండ వంటింటి బల్ల మీద పలచగా పరుచుకుంది. టీ గ్లాసుల పక్కన ఇటుకరంగు తోలు సీటు బోర్లా పడి ఉంది. రెండు దోసిళ్ళ వెడల్పు ఉంటుందేమో. ఒక్క మనిషికే చోటు.

ముందుగదిలో ఆయన కుర్చీలో కూర్చుని, ఒళ్ళో పాత గుడ్డ పరుచుకుని, మోటారు సైకిలు చైనును లింకు తర్వాత లింకు తడుముతూ తుడుస్తున్నాడు. రెండేళ్ళుగా ఆయన కళ్ళకు వెలుగూ నీడా తప్ప ఏమీ ఆనడం లేదు. ఎదురుగా ఇటుకల మీద బండి నిలబడి ఉంది. ముప్ఫయ్యేళ్ళు దాని మీదే ఇల్లిల్లూ తిరిగి కరెంటు మీటర్లు చూసి రాసుకున్నాడు. సాయంత్రం కాగానే సీట్లు కుట్టే షాపు ముందు ఆగి, ఆమెను వెనక ఎక్కించుకుని ఇంటికి తెచ్చాడు.

ఇప్పుడది ఆ బండిలా లేదు. పొడుగాటి సీటు తీసేశారు. వెనక మడ్‌గార్డును సగానికి కోసేశారు. పక్క డబ్బాలు, వెనక కూర్చున్నవాళ్ళు కాళ్ళు పెట్టుకునే కడ్డీలు, మెరుగు పట్టీలు, అన్నీ పోయాయి. లావాటి టైర్లు, వంచిన హ్యాండిలు, గుమ్మడిగింజ ఆకారంలో ట్యాంకు మిగిలాయి. ఇలాంటి దాన్ని బాబర్ అంటారని ఆయనే ఆమెకు చెప్పాడు. అక్కర్లేనివన్నీ తీసెయ్యగా మిగిలిన బండి అన్నమాట.

పెళ్ళికి ముందు, మీటరు చూడబోయిన ఒక ఇంటి గేటు దగ్గర అలాంటిదొకటి చూశాడట. చూస్తూ ఉండిపోయి మీటరు అంకె తప్పు రాసుకొచ్చాడట. "మరి మన బండిని అలా చేయించుకోలేకపోయారా?" అని ఆమె ఎప్పుడో అడిగింది. "నువ్వెక్కడ కూర్చుంటావు?" అన్నాడు. అంతటితో ఆ మాట ఆగిపోయింది.

చూపు పోయిన ఏడాదికి, భోజనం చేస్తూ చేస్తూ ఆయన తల ఎత్తాడు. "బండి కోసేద్దామోయ్. ఒంటి సీటు పెడదాం. నువ్వు నడుపు."

ఆమె పొలమారేలా నవ్వింది. నవ్విందే గానీ, ఆ వారమే పక్కింటి వెల్డింగాయన చిన్న బండి అడిగి తీసుకుని, వెల్డింగు షెడ్ల వెనక ఖాళీ జాగాలో నేర్చుకోవడం మొదలుపెట్టింది. అప్పటికి ఆమెకు యాభై నాలుగు. రెండుసార్లు పడింది. ఆయనకు ఒకసారి పడ్డ సంగతే చెప్పింది.

"అయిందా?" ఆయన ముందుగదిలోంచి అడిగాడు.

"ఇంకో జానెడు కుట్టు ఉంది."

"ఇవాళే బిగించేద్దాం."

"ఎల్లుండి ఆదివారమే కదండీ. అంత తొందరేం వచ్చింది?"

"తొందరేం లేదు. ఎండ బాగుంది."

ఎండ సంగతి ఆయనకెలా తెలిసిందో చూద్దామని ఆమె గుమ్మంలోకి వచ్చింది. చొక్కా చేతులు పైకి మడుచుకుని, రెండు ముంజేతులూ కిటికీ వైపు చాపి కూర్చుని ఉన్నాడు, చలి కాచుకునేవాడిలా. ఆమె వెళ్ళి ఆ జానెడూ కుట్టేసి, పళ్ళతో దారం తెంపింది.

షాపులో ఆ రోజు బస్సు సీట్లు. నీలం రెక్సిన్, అన్నీ ఒకే కొలత. అక్కడందరికీ ఆమె సీటక్క. మెషిను మీద ఆమె చేతులు వాటి పని అవి చేసుకుపోతుంటే, మనసు ఎప్పటిలాగే సీట్లతో పాటు ఊళ్ళు తిరుగుతుంది. ఈ నీలం మీద ఎవరో నిద్రపోతారు. ఎవరో పరీక్షకు వెళ్తారు. ఎవరో కిటికీకి తల ఆనించి, పక్కవాళ్ళకు కనపడకుండా ఏడుస్తారు. వాళ్ళలో ఒక్కరి మొహం కూడా తనకు తెలియదు. వాళ్ళ వీపులకు ఎక్కడ మెత్తగా ఉండాలో మాత్రం తెలుసు. ముప్ఫై రెండేళ్ళుగా చేస్తున్న పని అదే. ఈ పనిలో ఒక మంచిదనం ఉందని ఆమెకు అప్పుడప్పుడూ అనిపిస్తుంది కానీ, పైకి చెబితే నవ్వుతారని చెప్పదు.

"ఇవాళ మెషిను పరుగులు తీస్తోందేంటి సీటక్కా?" అన్నాడు ఓనరు.

"గంట ముందు వెళ్ళాలి సార్."

"ఇంట్లో ఎవరికైనా బాగోలేదా?"

"బాగానే ఉన్నారు. మా బండికి సీటు బిగించాలి."

ఓనరు కళ్ళజోడు పైకి తోసుకున్నాడు. "నువ్వు నడుపుతావా? ముందు బ్రేకు ఎక్కడుందో చూసుకో."

"ముందు బయల్దేరనివ్వండి సార్. బ్రేకు సంగతి తర్వాత కదా."

ఆమె ఇల్లు చేరేసరికి వెల్డింగాయన వచ్చి, చైను ఎక్కించి, సీటు కింద స్ప్రింగులు నిలిచేందుకు రెండు పట్టీలు అతికించి ఉన్నాడు. కాలిన ఇనుము వాసన గదంతా నిండింది. ఆమెను చూడగానే మొదలుపెట్టాడు. "ఏం బావగారూ, మా అక్కని ఒక్కదాన్నే పంపించేస్తున్నారా?"

"ముప్ఫయ్యేళ్ళు వెనక కూర్చుని నాకు దారి చెప్పిందయ్యా. ఇక ముందు కూర్చుని తనకు తనే చెప్పుకోమన్నా."

స్ప్రింగుల మీద సీటు నిలబెట్టి ఆమె పట్టుకుంది. బోల్టులు ఆయనే బిగిస్తానన్నాడు. బండి పక్కన మోకాళ్ళ మీద కూర్చుని, సీటు అంచు వెంబడి వేలు జరిపాడు. కుట్టును మొదటి నుంచి చివరిదాకా వేలితో చదివాడు. ఒక మూల దగ్గర ఆగాడు.

"ఇక్కడ రెండుసార్లు కుట్టావు."

"అక్కడ బరువు పడుతుంది."

ఆయన తలాడించి పానా అందుకున్నాడు. చివరి బోల్టు దగ్గర కాసేపు ఆగి ఊపిరి తీసుకుంటే, వంగి పని చేసినందుకేమో అనుకుంది. నీళ్ళిచ్చింది. తాగి, మళ్ళీ బిగించాడు.

గుమ్మానికి చెక్కపలక ఆనించి ముగ్గురూ బండిని వీధిలోకి దించారు. వెల్డింగాయన కోసం షెడ్డు దగ్గర ఎవరో ఎదురుచూస్తున్నారని కబురొస్తే, "పడితే పిలు అక్కా" అనేసి వెళ్ళాడు. ఆమె కుర్చీ తెచ్చి గుమ్మం ముందు వేసింది. ఆయన కూర్చున్నాడు.

మొదటి కిక్కుకు బండి దగ్గింది. రెండోదానికి అదీ లేదు. "కంగారు పడకు. కొంచెం గాలి పీల్చుకోనీ. ఇప్పుడు కొట్టు" అన్నాడు ఆయన. మూడోసారి బండి పలికింది. పాత గొంతే, కానీ బరువులు దించేసుకున్న గొంతు. ఆయన తల పక్కకు వంచి విన్నాడు. మొహంలో ఎన్నాళ్ళకో ఒక వెలుగు కదిలింది.

"నాలుగో గేరు దాకా వెళ్ళు. మూడులో భయపడి ఆగిపోకు."

"మీరు లోపలికి వెళ్ళి పడుకోండి."

"వింటూ ఉంటాను."

వీధి చివర మలుపు తిరిగి, రైలు పట్టాల వెంబడి పోయే వెడల్పాటి రోడ్డెక్కింది. అప్పుడు గానీ ఆమెకు తెలియలేదు, ఇన్నేళ్ళూ పక్కకు తిరిగి కూర్చుని రోడ్డుకు ఎడమవైపే చూసిందని. ఎడమవైపు గోడలన్నీ ఆమెకు చుట్టాలే. కుడివైపు మాత్రం ఒక కొత్త ఊరు ఉంది. పచ్చ తలుపుల గోదాములు, మేడ మీద ఆరేసిన తెల్ల దుప్పట్లు, పట్టాల అవతల ఒక గుర్రం. ఎదురుగా ఎవరి వీపూ లేదు. రోడ్డు తనంతట తానే విప్పుకుంటూ వచ్చి ఆమె ఒళ్ళో పడుతోంది. మూడు. కాస్త భయం. నాలుగు. భయం వెనక ఎక్కడో ఉండిపోయింది. చీకటి ఎప్పటికీ పడనట్టూ, రోడ్డు అయిపోనట్టూ, తన వయసు తనకు తెలియనట్టూ ఉంది. తిరిగి రావాలని గుర్తొచ్చి, గుర్తొచ్చినందుకు కొంచెం బాధపడి, బండి తిప్పింది.

ఆయన అలాగే కూర్చుని ఉన్నాడు, తల వీధి వైపు వంచి. పొద్దు వాలే ఎండ మొహం మీద ఉంది. ఆమె ఇంజను ఆపింది.

"నాలుగులోనే వెళ్ళానండీ. చాలాసేపు."

ఎంతసేపని అడుగుతాడేమోనని ఎదురుచూసింది. వేడి సైలెన్సరు చల్లారుతూ టిక్కుటిక్కుమంటోంది. అది ఆగాక వీధిలో ఇంకే చప్పుడూ లేదు. ఆమె దగ్గరికెళ్ళి భుజం మీద చెయ్యి వేసింది. ఆ చేతిని అలాగే ఉంచి, పక్కన మెట్టు మీద కూర్చుంది. ఎవరినీ పిలవబుద్ధి కాలేదు. వాళ్ళిద్దరికీ ఇంకాస్త సాయంత్రం మిగిలి ఉన్నట్టనిపించింది. గోడ మీద ఎండ జరిగి జరిగి పోయాక, "తమ్ముడూ, ఒకసారి రా" అని మామూలు గొంతుతోనే పిలిచింది. వెల్డింగాయన చేతులు తుడుచుకుంటూ వచ్చి నాలుగడుగుల దూరంలోనే నిలబడిపోయాడు.

గుండె ఆగిందన్నాడు డాక్టరు. నొప్పి తెలిసి ఉండదని కూడా అన్నాడు. బంధువులు వచ్చారు, ఇల్లంతా నిండారు, వెళ్ళారు. ఆ సాయంత్రం ఆయన వేళ్ళు సరిచేస్తున్నప్పుడు కుడి గుప్పిట్లో ఆమెకు ఒక నట్టు దొరికింది. వెల్డింగాయన బండిని రెండుసార్లు ముందు నుంచి వెనక దాకా చూశాడు. అన్ని బోల్టులకూ వాటి వాటి నట్టులు ఉన్నాయి.

"పాత పొడుగు సీటుదేదో అయ్యుంటుంది అక్కా. ఇప్పుడు దీనితో పనిలేదు" అన్నాడు.

ఆమె ఇప్పుడు షాపుకు బండి మీదే వెళ్తుంది. వెళ్ళాక, తాళం వేసిన ముందుగదిలో, కిటికీ గట్టు మీద అంచున నిలబెట్టిన ఆ నట్టు చిల్లులోంచి పొద్దుటి ఎండ దూరి, ఎదుటి గోడ మీద బొట్టంత వెలుగై కాసేపు ఉంటుంది.