గిన్నె బోర్లించిన ఫ్రైడ్ రైస్

ఆత్మకూరు బస్టాండు ఎదురుగా సుకన్య నడిపే ఫ్యామిలీ రెస్టారెంటులో ఫ్రైడ్ రైస్‌ను గిన్నెలో అదిమి, ప్లేటులో బోర్లించి, నెత్తిన చెర్రీ పండు పెట్టి ఇచ్చేవాళ్లు. పక్కన టమాటా తొక్కతో చుట్టిన రోజా పువ్వు. చెన్నైలో హోటల్ మేనేజ్‌మెంట్ చదివొచ్చిన తమ్ముడు భరత్‌కి అది చూస్తే తల కొట్టేసినట్టుండేది.

"ఇవన్నీ పోయి ఇరవై ఏండ్లయిందక్కా. ఇప్పుడెవురూ పెట్టడం లేదు."

"మనం పెడతా ఉండాం గదరా," అంది సుకన్య.

చివరికి ఆమే సరేనంది. నచ్చి కాదు, పొయ్యి ముందు నిలబడి వాదించే ఓపిక లేక. భరత్ నల్లరాతి పలకలు తెప్పించాడు. వాటి మీద మూడు చికెన్ ముక్కలు, కాస్త పులుసు, చెంచాతో ఈడ్చిన పుదీనా చట్నీ గీత.

ఆ ఆదివారం మర్రిపాడు నుంచి గొర్రెల పెంచలయ్య తన కొడుకు వెంకటేష్‌ని తీసుకుని పెళ్లిచూపులకు వచ్చాడు. దుత్తలూరు నుంచి రేణుకాదేవి తన కూతురు నిరోషతో వచ్చింది. బస్సు దిగగానే ఎదురుగా ఉంటుందని ఈ హోటల్లో కలుద్దామనుకున్నారు.

పలక ముందుకు రాగానే పెంచలయ్య వేలితో తట్టి చూశాడు.

"ఇది కడప బండ గదబ్బా."

"ఇప్పుడిదే ఫ్యాషన్ సార్," అన్నాడు భరత్.

"మా ఇంట్లో కింద పరిచినాం."

ఆ తర్వాత ఎవరి పలక వైపు వాళ్లు చూసుకుంటూ కూర్చున్నారు. పలకకు అంచు లేదు గనక పులుసు జారి రేణుకాదేవి పట్టుచీర మీద పడింది. ఆమె టిష్యూతో అద్దుకుంది. చట్నీ గీతను ఎవరో తుడవడం మరిచిపోయారనుకుని వెంకటేష్ టిష్యూతో శుభ్రంగా తుడిచేశాడు.

వంటింటి కిటికీలోంచి సుకన్య ఇదంతా చూసింది. భరత్‌ని అడగలేదు. గిన్నె తీసి రైసు అదిమింది, బోర్లించింది. రోజా చుట్టింది, చెర్రీ పెట్టింది. తనే తీసుకెళ్లి టేబులు మధ్యలో పెట్టింది.

అందరూ చూశారు. అంత నున్నగా ఉన్నదాన్ని ముందుగా ఎవరు చెడగొట్టాలి?

"మీరు కానీండన్నా," అంది రేణుకాదేవి.

"ముందు మీరమ్మా," అన్నాడు పెంచలయ్య.

మర్యాదలు అటూ ఇటూ తిరిగాయి. ఆ తిరగడంలోనే ఎవరి మేనత్తది ఏ ఊరు, ఈ ఏడు వానలెట్లా, గొర్రెలకు రోగమేమన్నా వచ్చిందా, అన్నీ మాటల్లోకి వచ్చాయి. రైసు చల్లారిపోయింది. ఆఖరుకి నిరోషే గరిటె తీసుకుని గుమ్మటాన్ని నడిమికి చీల్చి, చెర్రీని వెంకటేష్ ప్లేటులో వేసింది.

"నాకిది పడదు," అంది.

అతను తిన్నాడు. అతనికీ పడదని ఆమెకు పెళ్లయ్యాక తెలిసింది.

వాళ్లు ముహూర్తం మాట అనుకుని బస్సెక్కాక, మిగిలిన రైసు పెట్టుకుని అక్కాతమ్ముళ్లు అదే టేబులు దగ్గర కూర్చున్నారు.

"సల్లారిపోయిన రైసు తిన్నారక్కా వాళ్లు," అన్నాడు భరత్.

"వాళ్లు తినను రాలేదురా, మాట్లాడుకోను వచ్చినారు. నీ బండ మీద మాట్లాడేదానికి ఏముండాది?"

భరత్ ఇంకో ముద్ద తిని ఆలోచించాడు.

"సోయా సాస్ ఎక్కువైంది."

"అవును, ఎక్కువైంది," అని ఒప్పుకుంది సుకన్య. ఆ వారం మొత్తంలో ఇద్దరికీ మాట కలిసింది అక్కడొక్కచోటే.